హాఫ్ క్లచ్

మార్చి 4

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వు ఎలా ఉన్నావు, మరదలి నడుం నొప్పి తగ్గిందా అని ముందు అడగాలి. అడిగాననే అనుకో. నాకు భయంగా ఉందిరా. అందుకే ఆ మాట ముందు రాసేస్తున్నాను.

ఫోను చేయక కాగితాలు ఖరాబు చేయడమెందుకంటావేమో. మా ఇల్లు చూశావుగా! బారెడు పొడవు, మూరెడు వెడల్పు. వెనక మంచం మీద కూర్చుని గుసగుసలాడినా ముందు స్టీరింగు దగ్గర మీ బావకి వినిపిస్తుంది. ఉత్తరమైతే ఆయన పట్టించుకోరు. "అక్కాతమ్ముళ్ల పురాణం" అని ఊరుకుంటారు.

సంగతేమిటంటే, బండి వెనక్కి రావడం లేదు. రాదని కాదు, వస్తుంది. చలిజ్వరం వచ్చినవాడిలా గజగజ వణుకుతూ వస్తుంది. గిన్నెల అరల తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. నిన్న రెండు పింగాణీ ప్లేట్లు పోయాయి. పైగా కాలిన వాసన. ముందుకు పోయేటప్పుడు మాత్రం పెళ్లికొడుకులా పోతుంది.

ఇరవై తొమ్మిదేళ్లు బస్సు నడిపిన మనిషి కదా మీ బావ. ఇరుకు సందుల్లో అంత పొడుగు బస్సును ఒంటిచేత్తో తిప్పేవారు. నిన్న, ఇలాంటి బండ్లు ఆపుకునే ఈ మకాంలో పది అడుగులు వెనక్కి పెట్టడానికి ఏడుసార్లు ఇంజను ఆపుకున్నారు. పక్క బండివాళ్లు కుర్చీలు వేసుకుని మరీ చూశారు. చొక్కా అంతా తడిసిపోయింది ఆయనకి. దిగి తలుపు ధడాలున వేసి, "నీ తమ్ముడు వేసిన క్లచ్ ఇది!" అన్నారు. నాకు చురుక్కుమంది.

భయం ఎందుకంటే, ఆయన వెనక్కి తీసేటప్పుడు వెనక నిలబడి చెయ్యి ఊపేది నేనే. "ఆపండి" అని అరిచాక కూడా బండి రెండడుగులు వచ్చింది. నేను పక్కకి దూకాను. అరవయ్యో ఏట దూకుడు!

పద్నాలుగో తేదీ దాకా నది పక్క మకాంలో ఉంటాం. చిరునామా వెనక రాశాను. వెంటనే రాయి.

మీ అక్క

మార్చి 8

అక్కా,

నీ మరదలి నడుం బాగానే ఉంది. నీ ఉత్తరం చదివి నా నడుమే విరిగినట్టయింది. ఇకనుంచి బండి వెనక్కి వచ్చేటప్పుడు నువ్వు దాని వెనక నిలబడకు. పక్కన, అద్దంలో బావకి కనిపించేలా నిలబడు. ఇది మొదటి మాట.

రెండోది. అది పుట్టుకతో సామాన్లు మోసే వ్యాను. దాని మీద మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు, బాత్రూము ఎక్కించి ఇల్లు చేశారు. బరువు ఎక్కువ. ఆ రకం వాటికి రివర్సు గేరు కాస్త పెద్దది. అంటే క్లచ్ పూర్తిగా వదిలితే వెనక్కి పరుగెడుతుంది. మెల్లగా రావాలంటే క్లచ్ సగం తొక్కి పట్టాలి. మేం హాఫ్ క్లచ్ అంటాం. ఎక్కువసేపు అలా పడితే ప్లేటు కాలుతుంది, బండి వణుకుతుంది. ఎత్తు మీదకి రివర్సు అయితే ఇక చెప్పక్కర్లేదు.

క్లచ్ అరిగిందో లేదో తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. చదునైన చోట హ్యాండు బ్రేకు గట్టిగా లాగి, మూడో గేరు వేసి, క్లచ్ మెల్లగా వదలాలి. ఇంజను వెంటనే చచ్చిపోతే క్లచ్ బతికున్నట్టు. ఇంజను మోగుతూనే ఉంటే క్లచ్ పోయినట్టు.

అప్పటిదాకా వెనక్కి పెట్టే పనే పెట్టుకోవద్దు. ఏ మకాంలోనైనా ముందుకే దిగండి.

ఇంకో మాట. బావ ఎడమ కాలు ఊరికే క్లచ్ మీద ఆనించి కూర్చుంటున్నాడేమో గమనించు. పాత బస్సు డ్రైవర్లకి కాలి జబ్బు అది. నా క్లచ్‌ని తిట్టే ముందు తన కాలిని చూసుకోమను!

నీ తమ్ముడు

మార్చి 13

ఒరేయ్ ఇంజనీరూ,

ఎంత పని చేశావురా! నీ ఉత్తరం మకాం ఆఫీసులో మీ బావ చేతికిచ్చారు. ఎప్పుడూ విప్పని మనిషి, బండి సంగతి కదా అని విప్పారు. కాలి జబ్బు అన్న చోటికి వచ్చేసరికి ముఖం నల్లబడిపోయింది.

"నా కాలికి జబ్బేంటి? వాడికెవరు చెప్పారు? నువ్వేం రాశావు?" అని ఒకటే కేకలు.

"వాడు వేళాకోళానికి రాశాడండీ, బావామరుదుల సరసం" అన్నాను. వినలేదు. కాగితం ఉండ చేసి విసిరేశారు. రెండురోజులు నాతో మాట లేదు. నువ్వు ఇంతకంటే పెద్ద మాటలన్నప్పుడు పగలబడి నవ్విన మనిషి. ఇప్పుడేమొచ్చిందో తెలియడం లేదు.

ఆయన స్నానానికి వెళ్లినప్పుడు నీ పరీక్ష నేనే చేశాను. అవునురా, నేనే. ఇరవై ఏళ్ల తర్వాత స్టీరింగు ముందు కూర్చున్నాను. ఇంట్లో అంత పెద్ద డ్రైవరు ఉండగా నాకెందుకని మానేశాను గదా. హ్యాండు బ్రేకు లాగి, మూడో గేరు వేసి, క్లచ్ వదిలాను. బండి ఒక్క కుదుపు కుదిపి చచ్చిపోయింది. అంటే క్లచ్ బాగున్నట్టేగా?

క్లచ్ బాగుండి, నడిపేవాడు బాగుండి, మరి ఈ వణుకెక్కడిది? అదే నా భయం ఇప్పుడు.

రేపు కొండ మీది మకాంకి పోతున్నాం, చిరునామా వెనక ఉంది. అక్కడ ఫోన్లు పనిచేయవట. నువ్వు చెప్పినట్టే ముందుకే దిగుతాం.

అక్క

మార్చి 18

తమ్ముడూ,

నువ్వు చెప్పినట్టే ముందుకే దిగాం. అదే కొంప ముంచింది.

ఈ మకాం కొండ వాలులో ఉంది. పైన ఒక పశువుల కొట్టం పక్కన రోడ్డు, అక్కడి నుంచి కిందికి సన్నటి మట్టిబాట, బాట చివర మా స్థలం. మా బండి ముక్కుకి నాలుగు బారల దూరంలో మోకాలెత్తు రాతిగోడ. గోడ అవతల ఏమీ లేదు. కింద ఎక్కడో వాగు చప్పుడు వినిపిస్తుంది. తిప్పుకోవడానికి చోటు లేదు. బయటపడాలంటే ఆ బాట పొడుగునా రివర్సులో ఎత్తెక్కాల్సిందే. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఇన్నాళ్లూ సామెత అనుకున్నాను.

ఆ భయం ఒకవైపు. ఇంకోటి రాస్తున్నాను, ఎవరికీ చెప్పకు.

నిన్న సాయంత్రం నాలుగింటికి ఆయన బూట్లు విప్పి పెడితే, ఎడమ బూటు ఎత్తి చూశాను. అట్టలోంచి మరమేకు లోపలికి దిగి ఉంది. చిటికెన వేలు గోరంత మొన. మేజోడు మడమ దగ్గర నల్లగా అట్టకట్టింది, రక్తం. పొద్దున్నుంచీ ఆ బూటుతోనే కొండంతా తిరిగారాయన. కుంటలేదు. అబ్బా అనలేదు.

"ఇదెప్పుడు గుచ్చుకుంది?" అన్నాను.

ఆయన వంగి తన కాలినే చూసుకున్నారు. ఎలా చూశారో తెలుసా? బస్సులో పక్కవాడి సంచీని చూసినట్టు.

"బస్సు డ్రైవరు అరికాలు. తోలు మందం" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మెదడులో ఏమైనా తేడా చేసిందంటావా? ఎవరినడగాలో తెలియక నిన్నడుగుతున్నాను. నీకు తెలిసింది బండ్ల సంగతేనని తెలుసు. అయినా అడుగుతున్నాను.

అక్క

మార్చి 19

అక్కా,

నువ్వు పదమూడున రాసింది ఇవాళే అందింది. నువ్వే కూర్చుని పరీక్ష చేశావంటే నాకు కళ్లు చెమర్చాయి. ఆ మాట పక్కన పెట్టు. ఒక విషయం ఒప్పుకోవాలి.

క్లచ్ బాగుండి బండి వణుకుతోందంటే, మిగిలింది ఫ్లైవీలు. ఇంజను వెనక తిరిగే ఇనప చక్రం అది. క్లచ్ ప్లేటు దాన్నే పట్టుకోవాలి. దాని ముఖం అద్దంలా నున్నగా ఉండాలి. మీ బండికి నేను కొత్త క్లచ్ వేసిన రోజున దాని మీద నీలం మచ్చలు చూశాను. వేడికి కమిలిన మచ్చలు. మార్చాలి. కొత్తది రావడానికి వారం పడుతుందన్నాను. బావ ఒప్పుకోలేదు. "రేపు పొద్దున బయలుదేరాలి, ఒక్కరోజు కూడా ఆగను" అన్నాడు. నేను ఎమరీ కాగితంతో రుద్ది, మళ్లీ అదే బిగించేశాను. మచ్చల సంగతి మీ ఇద్దరికీ చెప్పలేదు.

తప్పు నాది. బావది కాదు. ఆయన చేత నేను తిట్లు తినాల్సిందే. ఈ ముక్క ఆయనకి చెప్పు, ఆయన మనసు కుదుటపడుతుంది. నీకేదైనా అయి ఉంటే నేనేం చేసేవాణ్ణని మూడు గంటలుగా కాలుగాలిన పిల్లిలా షెడ్డులో తిరుగుతున్నాను.

బండి కదపొద్దు.

తమ్ముడు

మార్చి 23

అక్కా,

పద్దెనిమిదిన రాసింది ఇప్పుడే చదివాను. చేతిలో స్పానరు కింద పెట్టేసి రాస్తున్నాను.

మేకు దిగినా తెలియని కాలికి, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో ఎలా తెలుస్తుంది? క్లచ్‌ని కళ్లతో చూసి తొక్కరు, చెవులతో విని తొక్కరు. అరికాలితో వింటారు. ఆ అరికాలికి చెవుడొస్తే ఇక హాఫ్ క్లచ్ లేదు, పావు క్లచ్ లేదు.

బావకి షుగర్ ఉందా? పరీక్ష చేయించారా ఎప్పుడైనా? మా పక్క షెడ్డు పెయింటరుకి ఇలాగే మొదలైంది. మేకు దిగిన కాలిని ఊరికే వదలకూడదు. ముందు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు.

నేను ముందు రాసిన ఉత్తరం బావకి చూపించొద్దు. తప్పంతా నాదేనని రాశాను అందులో. అది ఆయన చేతిలో పడితే ఇక కాలి మాట ఎత్తనివ్వడు. చూపించలేదు కదూ? మకాం ఫోను మోగనైనా మోగడం లేదు.

చేతిలో ఉన్న బండి అప్పగించి, ఇరవై తొమ్మిదికి నేనే వస్తున్నాను. ఈలోగా తాళంచెవి నీ దగ్గర పెట్టుకో. తలగడ కింద కాదు, నడుముకి కట్టుకో.

తమ్ముడు

మార్చి 24

తమ్ముడూ,

నీ ఫ్లైవీలు ఉత్తరం వచ్చింది. మళ్లీ ఆయన చేతికే వచ్చింది. చదివి ఎంత సంతోషించారో చెప్పలేను. చిన్నపిల్లాడిలా నన్ను పిలిచి, "చూశావా? చూశావా? నీ తమ్ముడే ఒప్పుకున్నాడు! నా కాళ్లు కావు, వాడి ఇనప చక్రం!" అని రెండుసార్లు చదివి వినిపించారు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

మడమ వాచింది. వేడిగా ఉంది. "డాక్టరుకి చూపిద్దాం" అంటే, "కిందికి దిగితే కదా డాక్టరు, ఆదివారం పొద్దున బండి పైకి తీస్తాను, పద" అంటున్నారు. చక్రం లోపం తెలిసింది కాబట్టి దానికి తగ్గట్టు తొక్కుతారట.

తమ్ముడు కదపొద్దన్నాడు కదా అన్నాను. "చెడగొట్టినవాడు చెప్తే వినాలా?" అన్నారు.

నువ్వు మంచికే రాశావు. నాకు మాత్రం గుండెల్లో రాయి పడింది. నడిచి వెళ్లడానికి ఊరు కొండ దిగువన ఉంది, ఆ కాలితో ఆయన నడవలేరు. ఆదివారానికి ఇంకా రెండు రోజులుంది. ఏం చేయాలో ఎవరైనా చెప్పండిరా.

అక్క

మార్చి 28

తమ్ముడూ,

ఆసుపత్రి ఫోనులో నాలుగు ముక్కలే చెప్పాను. పక్కన జనం ఉన్నారు. మిగతాది ఈ బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. నీ ఇరవై మూడు నాటి ఉత్తరం నిన్న మకాం మనిషి తెచ్చిచ్చాడు. ఒక్క రోజు ఆలస్యం.

ఆదివారం పొద్దున టీ తాగి ఆయన స్టీరింగు ముందు కూర్చున్నారు.

"వెనక నిలబడి చూడు."

"నిలబడను. మీ పక్కన కూర్చుంటాను."

"పక్కన కూర్చుని ఏం చూస్తావు?"

"మిమ్మల్ని."

రివర్సు వేశారు. బండి వణికింది. అరలు తెరుచుకున్నాయి, చెంచాలు రాలాయి. అయినా ఎక్కింది. నాలుగు బారలు ఎక్కింది, ఎనిమిది ఎక్కింది. "చూశావా" అన్నారు. అప్పుడు పొగ వాసన వచ్చింది. ఇంజను గొంతు పెంచింది గానీ బండి ఆగిపోయింది. ఒక్క క్షణం అలా గాల్లో నిలబడ్డట్టుంది. తర్వాత ముందుకి జారడం మొదలైంది.

ఆయన కాళ్లవైపు చూశాను. ఎడమ కాలు క్లచ్ మీద సగం ఉంది. ఆ బూటు అంచు బ్రేకు కిందికి దూరి ఇరుక్కుంది. కుడికాలితో ఆయన బ్రేకు నొక్కుతున్నారు, అది దిగడం లేదు. ఎందుకు దిగడం లేదో ఆయనకి తెలియదు. తన కాలే అడ్డమని ఆయనకి తెలియదురా! రోడ్డు వైపు కాదు, నా వైపు చూశారు. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆ చూపు నేను చూడలేదు.

గోడ పెద్దదవుతోంది. అరిచానో లేదో గుర్తులేదు. రెండు సీట్ల మధ్య హ్యాండు బ్రేకుని రెండు చేతులతో పట్టుకుని, వెనక్కి వాలి, ఒంట్లో ఉన్న బరువంతా వేసి లాగాను. చక్రాలు మట్టిని గీరుకుంటూ జారాయి. ఇంజను చచ్చిపోయింది. బండి ఆగింది. దిగి చూస్తే గోడకీ బంపరుకీ మధ్య జానెడు లేదు.

వాగు చప్పుడు ఒకటే. తర్వాత ఆయన జేబులోంచి నీ ఉత్తరం తీసి, మడత విప్పకుండానే నా ఒళ్లో పెట్టారు.

"క్లచ్ కాదే. నా కాలు."

"ఎప్పట్నుంచి?"

"ఏడాది దాటింది. కాలు ఉందని తెలుస్తుంది. ఎక్కడుందో తెలియదు. షుగర్ అన్నాడు డాక్టరు. ఇక బండి నడపొద్దన్నాడు."

ఏడాది! అంటే ఈ బండి కొనకముందే. మంచం ఎక్కడ, పొయ్యి ఎక్కడ అని నాతో బొమ్మలు గీయించినప్పుడే. ఒక్కరోజు కూడా ఆగనని నిన్ను తొందర పెట్టినప్పుడే.

"మరి ఎందుకు కొన్నారు?" అన్నాను.

"పూర్తిగా పోయేలోగా నీకు నాలుగు ఊళ్లు చూపిద్దామని. ఇరవై తొమ్మిదేళ్లు ఊరివాళ్లందరినీ తిప్పాను. నిన్నెక్కడికీ తీసుకుపోలేదు."

కొట్టాలనిపించింది. నిజంగా చెయ్యి ఎత్తాను కూడా. ఎత్తిన చెయ్యి ఆయన తల మీద పడింది, అంతే. ఇద్దరం ఏడ్చాం. నువ్వు కాలి జబ్బు అని రాసిన రోజున నేనే కనిపెట్టి నీకు చెప్పేశానని భయపడ్డారట. అందుకా కేకలు.

తాళంచెవి నేను తీసుకున్నాను. పైన పశువుల కొట్టం ఆవిడకి ట్రాక్టరు ఉంది. వెనక కొక్కేనికి తాడు కట్టి పైకి లాగింది. గేరు లేకుండా స్టీరింగు పట్టుకుని నేను కూర్చున్నాను. క్లచ్‌తో పని లేదు, రివర్సుతో పని లేదు. ఆవిడ రెండు నిమిషాల్లో రోడ్డెక్కించి, "ఇదే సంగతి మొన్ననే అడగొచ్చుగా!" అంది. నిజమే. భయంలో ఉన్నవాళ్లకి ఎదురుగా ఉన్న ట్రాక్టరు కనిపించదు.

అక్కడి నుంచి కొండ దిగింది నేనే. నలభై మలుపులు, రెండో గేరులో. ఆయన పక్కన కూర్చుని "బ్రేకు మీద కాలు ఆనించకు, ఇంజనుకే వదిలెయ్యి" అని మెల్లగా చెబుతూ వచ్చారు. ఒక్కసారి కూడా కసురుకోలేదు. కింద ఊళ్లోకి వచ్చాక స్టీరింగు మీంచి వేళ్లు విప్పడానికి ఆయన సాయం పట్టాల్సి వచ్చింది.

మడమ లోపల చీము చేరింది. రెండు వేళ్లకి నెత్తురు అందడం లేదన్నారు. రేపు తీసేస్తారు. పాదం దక్కుతుందో లేదో మూడు రోజుల తర్వాత చెబుతారట. నువ్వు రావద్దు అనను. ఫోనులో చెప్పినట్టే కొండకి పోకు, ఇక్కడికి రా.

అక్క

ఏప్రిల్ 5

అక్కా,

నిన్న ఇంటికి చేరాను. బావని ఆ మంచం మీద చూసి వచ్చాక పని మీద చెయ్యి పడటం లేదు. నేను వెళ్లేసరికి ఆయనే లేచి కూర్చుని, "ఏం బామ్మర్దీ, కాలు మార్చే షెడ్డు ఏదైనా ఉందా?" అన్నాడు. నవ్వాను. బయటికొచ్చి ఏం చేశానో నువ్వు చూశావుగా.

నీ ముఖం మీద చెప్పలేనిది రాస్తున్నాను. మీ బండి గేరుబాక్సు విప్పాలంటే నాకు భయంగా ఉంది. ఫ్లైవీలు పాడై కనిపిస్తే, ఆ గోడ దాకా మిమ్మల్ని తీసుకెళ్లింది నేనే అవుతాను. బాగుంటే తప్పు ఆ కాలిదవుతుంది, అప్పుడు ఆయన ముఖం చూడలేను. ఏది చూడాలని కోరుకోవాలో తెలియడం లేదు. ఆ బండిని ఎవరికైనా ఇచ్చేసి ఇంటికి వచ్చేయండి అక్కా.

తమ్ముడు

ఏప్రిల్ 15

ఒరేయ్ తమ్ముడూ,

పాదం దక్కిందిరా! డాక్టరు నిన్న కట్టు విప్పి, గోటితో గీకి, "చర్మం ఎర్రబడింది, మంచిదే" అన్నాడు. రెండు వేళ్లు పోయాయి. చేతికర్రతో నడుస్తున్నారు. ఇక ఏ బండి స్టీరింగూ పట్టకూడదని కాగితం మీద రాసిచ్చారు. ఆయన ఆ కాగితం తీసుకుని, కిటికీ దగ్గర చాలాసేపు నిలబడి, వచ్చి నా చేతికిచ్చారు. "నీ దగ్గరే ఉంచు" అన్నారు.

బండి ఇచ్చేయమన్నావు. ఇవ్వను. నాలుగు ఊళ్లన్నారు, రెండే చూశాం.

వారం నుంచి పొద్దుటి పూట ఆసుపత్రి వెనక ఖాళీ స్థలంలో నేర్చుకుంటున్నాను. ఆయన కుర్చీ వేసుకుని పక్కన కూర్చుని కర్రతో చూపిస్తారు. వెనక మాత్రం ఉండనివ్వను. రివర్సులో క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో నా అరికాలికి ఇప్పుడు తెలుస్తుంది. తెలిసినా సరే, వణుకు వస్తుంది. అంటే నీ చక్రం కూడా పాడైందన్నమాట! విప్పకముందే చెప్పేస్తున్నాను, ఆ అనుమానంతో కుమిలిపోకు. తప్పు నీలోనూ ఉంది, ఆయనలోనూ ఉంది. కాలి మాట ఆయన దాచారు, మచ్చల మాట నువ్వు దాచావు. ఇద్దరూ నన్ను భయపెట్టకూడదనే దాచారు. ఇంత భయం నా జన్మలో పడలేదు. ఇకమీదట నాకు చెప్పి భయపెట్టండి.

భయం పోయిందా అంటే పోలేదు. తాళం తిప్పిన ప్రతిసారీ ఆ గోడ కనిపిస్తుంది. కళ్లు మూసుకోను. అలా చూస్తూనే గేరు వేస్తాను.

గురువారం పదకొండింటికి నీ షెడ్డు దగ్గరికి వస్తాం. నేనే నడుపుకుంటూ వస్తాను. కొత్త ఫ్లైవీలు తెప్పించి ఉంచు, వారం పట్టినా సరే, మేం ఆగుతాం. గేటు రెండు రెక్కలూ బార్లా తీసి, లోపలున్న బండ్లన్నీ ఓ పక్కకి నెట్టించు. ముందుకే వస్తాను. మీ బావ దిగేటప్పుడు చెయ్యి అందించకు, అడిగితేనే అందించు.

మీ అక్క